బిళ్ళ లేని చెవులు

మా మామగారికి ఎలుకల మీద ఉన్న కోపం కన్నా, వాటి చెవులకు బిళ్ళలు పెట్టేవాళ్ళ మీద ఉన్న కోపం ఎక్కువ. పట్టుకున్న ఎలుకను చంపకుండా మళ్ళీ చేలోకి వదిలే మనిషిని ఆయన తన బతుకులో చూడలేదు. ఆ మనిషి సొంత కోడలే అయ్యేసరికి ఊళ్ళో తలెత్తుకోవడం కష్టమైంది పాపం.

ఆ జనవరిలో, మా వైపు అది నడి వేసవి, బ్రెండా అనే ఆవిడ పట్నం నుంచి వ్యాను నిండా బోనులు వేసుకుని వచ్చింది. ఎలుకల సంఖ్య తేల్చడం ఆవిడ ఉద్యోగం. రెండేళ్ళ కరువు తర్వాత మాలీ అనే మా మెట్ట ప్రాంతమంతటా గోధుమ విరగపండింది. కోత యంత్రాలు రాల్చిన గింజ చేలల్లో ఎక్కడ చూసినా పడి ఉంది. ఇలాంటి ఏడు తర్వాతే ఎలుకలు రేగుతాయని ఆవిడ భయం. మా ఇంటి వెనక కొయ్యకాళ్ళ చేను ఆవిడకు నచ్చింది. నెలకోసారి వస్తాను, చేతిసాయానికి ఒక మనిషి కావాలంది. నేను వెంటనే సరేనన్నాను. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ చేనును వంటింటి కిటికీలోంచి చూడటమే గాని, దాన్లో నాదంటూ ఒక పని ఉండటం అదే మొదలు.

బోనులంటే మూరకు తక్కువగా ఉండే రేకు పెట్టెలు. లోపల గుప్పెడు గోధుమ, చలికి ముడుచుకోవడానికి కాస్త దూది. సాయంత్రం వరుసగా పెట్టి, పొద్దున ఎండ ఎక్కకముందే చూసుకోవాలి. ఆలస్యమైతే రేకు కాలి లోపలిది చచ్చిపోతుంది. మూత పడిన పెట్టెను గుడ్డసంచిలోకి బోర్లించి, ఎలుకను మెడ వెనక తోలు పట్టి ఎత్తి, బియ్యపు గింజంత రేకు బిళ్ళను చెవికి నొక్కి వదిలెయ్యాలి. ప్రతి బిళ్ళ మీదా ఒక నంబరు ఉంటుంది.

మొదటి పొద్దున మామగారు కంచె మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడ్డారు. ఆయన పేరు హ్యూగో. ఆ భూమి ఆయన తాత చెట్లు కొట్టి చదును చేసింది, ఇంకా మామగారి పేరు మీదే ఉంది.

"ఏం అమ్మాయ్, చెవులు కుట్టిస్తున్నావా? పన్లో పని పెళ్ళి కూడా చేసి పంపించు."

"పెళ్ళిళ్ళు అవే చేసుకుంటాయి మామయ్యా. మనల్ని పిలవను కూడా పిలవవు," అన్నాను.

ఫలహారం దగ్గర బ్రెండా నా కుట్టు డబ్బా అడిగింది. అందులో అన్నీ గోధుమరంగు గుండీలే. గుప్పెడు తీసి వాటి మీద సుద్దతో గీతలు పెట్టి, మళ్ళీ డబ్బాలో పోసి కుదిపింది. తర్వాత కళ్ళు మూసుకుని ఒక గుప్పెడు తీసింది. సగానికి గీత ఉంది.

"మనం గీత పెట్టినవి డబ్బాలో సగం ఉన్నట్టు లెక్క. ఇవే గుండీలు తీసుకెళ్ళి గొర్రెల నీళ్ళతొట్టి నిండా ఉన్న గుండీల్లో కలిపేస్తే?"

"గీత ఉన్నది ఒక్కటీ చేతికి రాదు," అన్నాను.

"అంతే. బిళ్ళ ఉన్నవి ఎక్కువ దొరికితే ఎలుకలు తక్కువున్నట్టు. అవి దొరక్కుండా పోయాయనుకో..." ఆవిడ మాట పూర్తి చెయ్యకుండా దాల్చినచెక్క కేకు ముక్క నోట్లో పెట్టుకుంది.

మామగారు టీ ఊదుకుంటూ, "ఇందులో కొత్తేముంది? గొర్రెల చెవులకి మేం తాతల నాటి నుంచీ బిళ్ళలేస్తున్నాం. మందని తోలుకొచ్చి చూస్తాం. మన బిళ్ళవి తగ్గాయంటే చచ్చినట్టు, లేదా ఎవడో ఎత్తుకుపోయినట్టు," అన్నారు.

"ఎలుకల్ని ఎవరూ ఎత్తుకుపోరు లెండి," అంది బ్రెండా. నా భర్త నెవిల్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. ముసలాయన మాత్రం నవ్వలేదు, ఆయన హాస్యానికి అనలేదు మరి.

ఫిబ్రవరిలో పెట్టెలు సగమే నిండాయి. దొరికిన ఎలుకల్లో చాలావాటికి మా బిళ్ళలున్నాయి. ఒక ఆడ ఎలుక అయితే ఆ వారమంతా ప్రతి పొద్దునా అదే పెట్టెలో కూర్చుని ఉండేది. దాని చెవి అంచు బిళ్ళ పక్కనే చిరిగి ఉండేది. గోధుమకు మరిగి, మూత పడుతుందని తెలిసే వచ్చేది. మా చర్చి పాస్టరు గారి భార్య కూడా ఎవరింటికైనా సరిగ్గా భోజనం వేళకే వస్తుంది. అందుకని ఎలుకకు పాస్టరమ్మ అని పేరు పెట్టాను. ఆ పేరు విని మామగారే ముందు నవ్వారు. ఆ ఏడాది మా ఇంట్లో అందరం కలిసి నవ్వింది బహుశా అదే ఆఖరు.

మార్చి వచ్చేసరికి ఇంటి వాసన మారింది. ఉప్పుగా, పుల్లగా, తడిసిన గోనెసంచిలా ఉండే ఆ వాసన రొట్టెకీ పట్టింది, నా జుట్టుకీ పట్టింది. మంచం కోళ్ళ కింద నీళ్ళ డబ్బాలు పెట్టుకున్నాం. పిల్లి మొదట్లో తెగ మురిసిపోయింది. తర్వాత వేట మానేసి, అవి తన ముందునుంచే పరిగెడుతుంటే మొహం తిప్పుకుని కూర్చునేది. షెడ్డులో ఒక రేకు ఎత్తితే కింద నేల ఒక్కసారిగా కదిలి నాలుగు వైపులకీ పారిపోయింది. నా కాళ్ళ మీదుగా పోయిన వాటి వెచ్చదనం సాయంత్రం దాకా నన్ను వదల్లేదు.

ఆ నెల పెట్టెలన్నీ నిండాయి. బిళ్ళలున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని దొరికాయి. పాస్టరమ్మ పెట్టెలో వేరే ఎవరో ఉన్నారు.

బ్రెండా ఆ రోజు కేకు తినలేదు. "నెవిల్, ఈసారి విత్తే ముందు ఆగండి. విషం గింజ చల్లి, మళ్ళీ బోనులు పెట్టి చూసి, అప్పుడు విత్తండి. విత్తాక ఇవి వదలవు," అంది.

నెవిల్ కిటికీలోంచి రేకు గాదె వైపు చూశాడు. ఎత్తు కాళ్ళ మీద నిలబెట్టిన ఆ గాదెలో మా విత్తనమంతా ఉంది. మేం ఏరి, ఆరబెట్టి దాచుకున్న గింజ అది. ఇరుగుపొరుగు వాళ్ళకు వాళ్ళ విత్తనమే చాలదు, అడగడానికి కూడా లేదు.

"ఆ గింజ పోతే నాకిక్కడ పనిలేదు డోరీన్. గనికి పోవాల్సిందే," అన్నాడు నాతో.

గనులు ఎడారి అవతల ఉన్నాయి. మా వైపు నుంచి అక్కడికి పోయిన మగాళ్ళు ఏడాదిలో వచ్చేస్తామనే పోయారు. వాళ్ళ ఇళ్ళ కిటికీలకు చెక్కలు కొట్టి ఉంటాయి.

ఏప్రిల్లో వాన పడింది. మంచి వాన, నిదానంగా నేల లోపలికంటా దిగింది. అదీ ఆంజాక్ రోజుకు ముందు వారం. ఆ రోజు యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లున్న రాయి దగ్గర పూలు పెట్టి, ఇంటికొచ్చి ట్రాక్టరుకు గొర్రు కట్టడం మా వైపు ఆనవాయితీ. ఆలస్యంగా విత్తిన గోధుమ గింజ పట్టే వేళకు వడగాలికి మాడిపోతుంది. అందుకే ఆ తేదీ మీద అందరికీ అంత పట్టుదల. మామగారి తండ్రి ఆ రోజే విత్తారు, ఆయన తండ్రీ ఆ రోజే విత్తారు.

బురదకు బ్రెండా వ్యాను రాలేకపోయింది. ఫోను చేద్దామంటే ఎలుకలు గోడలో తీగ కొరికేశాయి. ఆవిడ వదిలి వెళ్ళిన బోనులు నేనొక్కదాన్నే పెట్టాను, కొత్త బిళ్ళలు మాత్రం నా దగ్గర లేవు.

పొద్దున వెళ్ళేసరికి పెట్టెలన్నీ మూసుకుని ఉన్నాయి. కొన్నిట్లో రెండేసి దూరాయి. ఒక పెట్టెలో ఒకటి ఇంకోదాన్ని సగం తినేసింది. సంచిలో బోర్లించడం, మెడ పట్టడం, చెవులు చూడటం, ఇదే పని. చెవులు బోసిగా ఉన్నాయి. తర్వాతి దానివీ బోసిగానే ఉన్నాయి. వరుస సగంలో ఉండగానే ఒక్కో చెవినీ రెండుసార్లు చూడటం మొదలుపెట్టాను. చివరి పెట్టెలో అన్నా పాస్టరమ్మ ఉంటే బాగుండునని దేవుణ్ణి అడిగాను. లేదు.

మామగారు కంచె దగ్గర ఉన్నారు. "ఎలా ఉంది?"

"అన్నీ నిండాయి."

"పోయిన నెలా నిండాయి కదా? అంటే పెరగలేదన్నమాట."

"పెట్టెలు అన్నే ఉన్నాయి మామయ్యా. తొట్లో ముంచినా చెరువులో ముంచినా బకెట్టుకి బకెట్టు నీళ్ళే వస్తాయి. దాన్ని చూసి చెరువెంతో చెప్పగలమా?"

"బిళ్ళలున్నవి?"

"ఒక్కటీ లేదు."

ఆయన టోపీ తీశారు. ముఖంలో ఏదో వెలుగు, పదేళ్ళు తగ్గినట్టు కనిపించారు. "ఒక్కటీనా? సరిగ్గా చూశావా?"

"చూశాను."

"అయితే చస్తున్నాయి అమ్మాయ్. నీ చేత్తో బిళ్ళేసినవన్నీ పోయాయి. నా చిన్నప్పుడూ ఇంతే. రోగం తగిలి ఒక్క ఊపున పోయాయి. ముందు పాతవి పోతాయి, తర్వాత పిల్లలు."

"మామయ్యా, అవి గొర్రెలు కావు. పోలేదు. ఇన్నిట్లో కలిసిపోయాయి, అందుకే చేతికి రావట్లేదు."

"కనపడనిది ఉందంటావు. కనపడనిది లేదంటాను. ఇందులో పిచ్చిమాట ఎవరిది?"

వంటింట్లో నెవిల్ మా ఇద్దరి మాటా విన్నాడు. నేను గుండీల డబ్బా కూడా తెచ్చి బల్ల మీద పెట్టాను. అతను దాని మూత తియ్యలేదు. కిటికీ బయట నేల నల్లగా తడిసి ఉంది. పక్క చేలో ట్రాక్టరు చప్పుడు అప్పుడే మొదలైంది.

"నాన్న ఇలాంటిది ఒకసారి చూశాడు కదా," అన్నాడు నెమ్మదిగా.

"మామయ్య చూసింది చచ్చిన ఎలుకల్ని. నేను చూసింది బతికున్నవాటిని. ఒక్క శవమన్నా కనపడిందా నీకు చేలో?"

అతను కప్పు గిన్నెల తొట్లో పెట్టాడు. "వాన మళ్ళీ ఎప్పుడు పడుతుందో తెలీదు డోరీన్," అని టోపీ పెట్టుకుని గొర్రు కట్టడానికి వెళ్ళాడు.

నాకు మామగారి మీద కోపం రాలేదు. ఆయన నమ్మిందే చెప్పారు. నెవిల్ మీద వచ్చింది, ఒళ్ళు మండిపోయింది. అతను ఎవరినీ నమ్మలేదు. వాననే నమ్మాడు. అయినా ట్రాక్టరు కదిలి తడి మన్ను వాసన రాగానే నేను కూడా గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. గొర్రు వెనక గద్దలు గుంపుగా తిరుగుతున్నాయి. నేనే తప్పై, ముసలాయనే ఒప్పైతే ఎంత బాగుండునని మనసారా అనుకున్నాను.

గాదె ఖాళీ అయిన మర్నాడు దుప్పట్లు ఉతుకుతుంటే మామగారి దుప్పటికి కాళ్ళవైపు నెత్తురు మరకలు కనిపించాయి. ఆయన వరండాలో మేజోళ్ళు వేసుకుని కూర్చున్నారు. ఎండగానే ఉంది.

"ఇదేంటి మామయ్యా?"

"ముల్లు గుచ్చుకుంది."

"రెండు మడమలకీనా?"

ఆయన మేజోళ్ళు పైకి లాక్కున్నారు. ఆ మడమల తోలు గిట్టలంత మందం, కొరికితే తొందరగా తెలియదు. "మంచం కింద డబ్బాల్లో నీళ్ళు ఇంకిపోయినట్టున్నాయి. నెవిల్‌కి చెప్పకమ్మాయ్," అన్నారు.

నేను చెప్పలేదు. చెప్పినా గింజ అప్పటికే నేలలో ఉంది.

మొలక రావాల్సిన వారం దాటింది. ఒక ఉదయం నెవిల్ చేలోంచి నన్ను కేకేసి పిలిచాడు. వెళ్ళేసరికి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. సాలు వెంట బెత్తెడుకో చిన్న గుంట, గుంట పక్కన కాస్త పొట్టు. మిషను మీద కుట్టినట్టు వరస తప్పకుండా సాలు చివరిదాకా అలాగే ఉన్నాయి. నెవిల్ ఒక్కో గుంటలో వేలు పెట్టి చూస్తున్నాడు.

"ఇక్కడా లేదు," అన్నాడు. జరిగి, ఇంకోదాన్లో వేలు పెట్టాడు. "ఇక్కడా లేదు."

చేను అవతలి అంచున మామగారు తల వంచుకుని నడుస్తున్నారు. ఒక సాలు దాటి ఇంకో సాలు, అది దాటి ఇంకోటి. తవ్వని చోటు ఒక్కటైనా దొరక్కపోతుందా అని వెతుకుతున్నారని దూరం నుంచే తెలుస్తోంది. గాలి చల్లగా వీస్తోంది. ఆయన వెనక్కి తిరగలేదు.

నెవిల్ లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "నాన్నా, చాల్లే. ఇంటికి రా," అని అరిచాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ రోజు గాని, తర్వాత గాని. తిట్టి ఉంటే ముసలాయనకు కొంత తేలికయ్యేదేమో.

తర్వాత ప్రభుత్వం విషం గింజ చల్లించింది. అప్పటికి మా దగ్గర విత్తడానికి ఏమీ లేదు. గని బస్సు ఎక్కుతూ నెవిల్ నన్ను పట్టుకుని, "అవి పోయాయని తెలిసిన రోజు చెప్పు. ఆ రోజే బయల్దేరతాను. ఎక్కడన్నా విత్తనం సంపాయించి వచ్చే ఏడు మళ్ళీ మొదలెడదాం," అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను చలికాలం గడిపాను.

ఫోను తీగ బాగుచేయించాక ఆదివారాలు ఫోను చేసేవాడు. అటునుంచి మొదటి మాట ఎప్పుడూ అదే.

"ఉన్నాయా?"

"ఉన్నాయి."

మిగతా కబుర్లు తర్వాత. కొన్నిసార్లు మిగతావి ఉండేవి కావు.

మామగారు నాతో బోనుల దగ్గరకు రావడం మొదలుపెట్టారు. రమ్మని నేను పిలవలేదు, వస్తానని ఆయన అనలేదు. ఒక పొద్దున చూస్తే దూది సంచి ఆయన భుజాన ఉంది. నేను మెడ పట్టి ఎత్తితే ఆయన కళ్ళజోడు పెట్టుకుని చెవులు చూసేవారు. గొర్రెల చెవులు చూసే కళ్ళు కదా, నాకన్నా త్వరగా చూసేవారు. "లేదు," అనేవారు. "లేదు. లేదు." చర్చిలో జపం చేసినట్టు నెమ్మదిగా అనేవారు. మేమిద్దరం ఆ చలికాలంలో మాట్లాడుకున్న మాటల్లో ముప్పాతిక వంతు అదే ఉంటుంది.

చలికాలం చివర, ఆగస్టులో ఒక ఉదయం ఏదో తేడాగా అనిపించి మెలకువ వచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్తే మామగారు కెటిల్ చేత్తో పట్టుకుని పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. పొయ్యి వెలిగించలేదు.

"విన్నావా?" అన్నారు.

"ఏం వినాలి? ఏమీ వినపడట్లేదు."

"అదే."

గోడల్లో గీకుడు లేదు. పైకప్పులో పరుగులు లేవు. నెలల తరబడి మాతో కాపరం చేసిన ఆ చప్పుడు ఆగిపోతే నాకు సంతోషం వేయాలి గాని, నేను గోడకు చెవి ఆనించి మళ్ళీ విన్నాను. ఇద్దరం కోట్లు వేసుకుని చేలోకి నడిచాం. నేల మీద మంచు తెల్లగా పట్టింది. కంచె పొడుగునా చచ్చిన ఎలుకలు బిగుసుకుపోయి పడి ఉన్నాయి. ముందు సాయంత్రం పెట్టిన పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల గోధుమ పోసింది పోసినట్టే ఉంది. మామగారు ఒక్కో పెట్టెలో చెయ్యి పెట్టి మరీ చూశారు.

వరుస చివర ఒక్క పెట్టె మూసుకుని ఉంది.

సంచిలోకి బోర్లించి పైకెత్తాను. ముసలిదైపోయింది, వీపు మీద వెంట్రుకలు ఊడిపోయాయి. చెవి అంచు చిరిగి ఉంది. చిరుగు పక్కన మా బిళ్ళ.

"పాస్టరమ్మ," అన్నాను.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మనదే. మనదే అమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత, "అప్పుడు లేనిది ఇప్పుడు ఎలా దొరికిందో నువ్వు చెప్పు. నేనిక నోరెత్తను," అన్నారు.

"డబ్బాలో గుండీలు అయిపోయాయి మామయ్యా. అందుకే గీత ఉన్నది చేతికొచ్చింది."

ఆయన తల ఊపారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నెవిల్ బస్సు దిగి ఇటు నడిచి రావడం కళ్ళకు కట్టింది. ఏడుస్తూనే, బ్రెండా నేర్పిన అలవాటు కొద్దీ, బొటనవేలితో ఎలుక పొట్ట నొక్కి చూశాను. వేలికింద బఠాణీలు తగిలాయి, వరసగా, రెండు వైపులా.

"ఏంటి?" అన్నారు మామగారు, నా మొహం చూసి.

"కడుపుతో ఉంది."

నా చేతిలో అది ఆయాసపడుతోంది. ఆయన బూటు కింద వేస్తే క్షణంలో పని. ఆయన ఒకసారి బూటు వైపు చూసుకున్నారు కూడా.

"దీన్ని చంపితే ఆగుతుందా?"

"ఇది దొరికింది కాబట్టి తెలిసింది. దొరకనివాటి సంగతి నాకు తెలీదు."

"బిళ్ళ ఉన్నది ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా పోతే ఇక మనకి చెప్పేదెవరు?" అన్నారు ఆయన. నా చేతిలోంచి దాన్ని తనే జాగ్రత్తగా తీసుకుని, వంగి, కొయ్యకాళ్ళలోకి వదిలారు. కాసేపు అక్కడే కూర్చుని, అది పోయిన వైపే చూశారు.

అది ఆదివారం. మధ్యాహ్నం ఫోను మోగితే నేనే ఎత్తాను.

"ఉన్నాయా?" అన్నాడు నెవిల్.

లేవు, వచ్చెయ్ అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట అనడానికి చలికాలమంతా కాచుకుని ఉన్నాను. "ఈ పొద్దున పెట్టెలన్నీ ఖాళీ నెవిల్. పాస్టరమ్మ ఒక్కతే తిరిగొచ్చింది, బిళ్ళతో సహా," అన్నాను. అది కడుపుతో ఉందన్న మాట మాత్రం అనలేకపోయాను.

"అంటే అయిపోయినట్టే కదా? డోరీన్? బట్టలు సర్దుకోనా?"

మామగారు వచ్చి, నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. ఆయన ఫోనులో మాట్లాడటం నేను ఎప్పుడోగాని చూడలేదు. దూరంగా ఉన్నవాడికి వినపడాలని గట్టిగా అరుస్తారు. ఆ రోజు అరవలేదు.

"తిరిగొచ్చింది రా. కానీ ఒక్కతే రాలేదు. అమ్మాయి మళ్ళీ లెక్కపెట్టి చెప్పేదాకా నువ్వక్కడే ఉండు."